ఆ ఫోటోలో ఉన్నది మా అమ్మ

కోనసీమలోని ఒక పల్లె నుంచి డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్న అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన ప్రజెంటేషన్ ప్రింటు కూడా జత చేశారు. ఊరు, కాలేజీ బయటపడకూడదన్నారు. అందుకని కొన్ని ఆనవాళ్లు మార్చి, సంగతి మాత్రం ఉన్నదున్నట్టు కుదించి ఇస్తున్నాను.

వాళ్లది కొబ్బరితోట, కాలువ కింద నాలుగెకరాల వరిపొలం ఉన్న ఇల్లు. ఈ మధ్య వాళ్ల కాలేజీలో వైవిధ్యం, సమానత్వం అంశంగా రెండు రోజుల సదస్సు జరిగింది. విద్యార్థులు కూడా పత్రాలు చదవొచ్చు, ఒక్కొక్కరికి పది నిమిషాలు. భాషల గురించి ఒకరు, దివ్యాంగుల గురించి ఒకరు, చేపలు పట్టేవాళ్ల పిల్లల చదువు గురించి ఒకరు మాట్లాడారట. ఈమె తమ ఇంటి గురించే మాట్లాడారు. పత్రం పేరు ‘పెరటి గ్లాసు’.

వాళ్లింట్లో పనికి వచ్చే ఆవిడ ఈమె పుట్టకముందు నుంచీ, ఇరవై రెండేళ్లుగా వస్తున్నారు. ఆవిడకి టీ పోయడానికి వేరే స్టీలు గ్లాసు ఉంటుంది. అంచు దగ్గర సొట్ట. తాగాక ఆవిడే గాబు దగ్గర కడుక్కుని, పెరటి గోడ గూట్లో బోర్లించి వెళ్తారు. మిగతా గ్లాసులు వంటింట్లో ఉంటాయి. ఆ గూటి ఫోటో ఒకటి, చేతిలో గ్లాసుతో పెరటి మెట్టు మీద కూర్చున్న ఆవిడ ఫోటో ఒకటి తెర నిండా వేసి, “ఇది ఎక్కడో కాదు, మా ఇల్లు. ఈ తప్పు మాది” అన్నారు ఈమె. హాలంతా ఒకటే చప్పట్లట.

ప్రశ్నలు అడగమన్నప్పుడు వెనక వరసలోంచి రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె లేచింది. “అక్కా, ఆ ఫోటోలో ఉన్నది మా అమ్మ. ఇక్కడ చూపిస్తానని మా అమ్మకి చెప్పారా?” అంది. ఈమెకి నోట మాట రాలేదు. సభ నడుపుతున్నాయన టైమ్ అయిపోయిందంటూ తర్వాతి పేరు పిలిచేశారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ అమ్మాయి కనిపించలేదు. సాయంత్రం ఈమెకి మొదటి బహుమతి ఇచ్చారు. అయిదు వేలు, మెమెంటో, శాలువా.

తర్వాతి కథ ఆమె మాటల్లోనే: “ఆదివారం తాపేశ్వరం కాజాల పెట్టె తీసుకుని వాళ్లింటికి వెళ్లి సారీ చెప్పాను. ‘పర్లేదమ్మా, చదువుకునేదానివి, నీకు పేరొస్తే మాకూ సంతోషమే’ అంది. సోమవారం మామూలుగానే పనికి వచ్చింది. కూతురు మాత్రం ఆ ఆదివారం లోపలి నుంచి బయటికే రాలేదు. కాలేజీలో ఎదురుపడితే పక్కకి తప్పుకుంటోంది. తల్లి క్షమించాక కూతురికి అంత కోపం ఎందుకు?”

హాస్టల్లో కొందరు ఆ అమ్మాయిని ‘గ్లాసు’ అని పిలుస్తున్నారు. ఇక్కడ ఉత్తరం రాసిన అమ్మాయి ఇంట్లో వాళ్లమ్మగారు పరువు తీశావని రెండు రోజులు ఏడ్చారు. మూడో రోజు అమలాపురం వెళ్లి కొత్త గ్లాసులు ఆరు కొనుక్కొచ్చి, సొట్ట గ్లాసు తీసేసి, కొత్త వాటిలో ఒకటి అదే గూట్లో పెట్టారు. అప్పటి నుంచి పనికి వచ్చే ఆవిడ టీ తాగడం మానేశారు. “ఇంటికాడ తాగే వచ్చానమ్మా” అంటున్నారు. నాన్నగారు అన్నం తింటూ, “వాళ్లాయనకి కౌలుకిచ్చిన ఎకరంన్నర వచ్చే సార్వాకి (వానాకాలం పంటకి) ఇంకొకళ్లకి ఇచ్చేస్తాను, గొడవ వదిలిపోతుంది” అన్నారు. కాలేజీవాళ్లు మాత్రం వచ్చే నెల యూనివర్సిటీ సదస్సులో ఇదే పత్రం, ఇంకొన్ని ఫోటోలు జోడించి చదవమంటున్నారు.

ఆమె ప్రశ్నలు: బహుమతి తిరిగిచ్చేయనా? అందరి ముందూ క్షమాపణ చెప్పనా? యూనివర్సిటీకి వెళ్లనా, మాననా? “గొంతు లేని వాళ్లకి గొంతునవుదామనుకున్నాను. ఇలా ఎందుకు తిరగబడింది?”

* * *

అమ్మా, మీది మా చిన్నమ్మాయి వయసు. అయినా ‘మీరు’ అనే రాస్తాను. మన గోదావరి వాళ్లకి అది అలవాటు, పైగా ఈ ఉత్తరంలో ఆ అలవాటుతో కొంచెం పని ఉంది.

ముందుగా మీరు చేసిన మంచి పని చెప్పనివ్వండి, లేకపోతే తర్వాత నేను చెప్పేవన్నీ చీవాట్లలా వినిపిస్తాయి. “ఇప్పుడెక్కడుందండీ కులం, అందరం కలిసే ఉంటున్నాం” అనే మాట మన వైపు అరుగుల మీద ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అన్నవాళ్ల పెరట్లోనే గూడు ఉంటుంది. మీరు ఆ గూటిని చూశారు. ఇరవై ఏళ్లు రోజూ కళ్లముందున్న వస్తువుని చూడగలగడం తేలిక కాదు. పక్కింటి వాళ్ల తప్పుగా చెప్పకుండా మా ఇల్లు అన్నారు. ఇంట్లో తిట్లు పడతాయని తెలిసీ అన్నారు. ఇందులో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మరి ఎక్కడ తిరగబడింది? మీరు పంపిన పన్నెండు స్లైడ్లూ చూశాను. మొదటిది ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర. (మన డెల్టాలో పశువుల వ్యాధుల మీద మాట్లాడమన్నా కాటన్ దొరతోనే మొదలుపెడతాం. నేనూ అంతే.) తర్వాత రాజ్యాంగం 17వ అధికరణం, 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. తర్వాత గూడు. తర్వాత ఆవిడ. ఆఖర్న మీ సెల్ఫీ, కింద ధన్యవాదాలు. ఈ పన్నెండింటిలో ఆవిడ అన్న మాట ఒక్కటి కూడా లేదు. గ్లాసు గురించి ఆవిడ ఏమనుకుంటున్నారో లేదు. ఫోటో తీసేటప్పుడు మీరు ఏం చెప్పి తీశారో ఉత్తరంలో కూడా రాయలేదు. ఊరికే తీశారని అనుకుంటున్నాను. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన పిల్ల ఫోన్ ఎత్తితే ఆవిడ ఎందుకని అడుగుతారా? నవ్వే ఉంటారు. ఆ ఫోటోలో ఆవిడ కొంచెం నవ్వుతున్నారు కూడా, గమనించారా? మీరు ఆ నవ్వు మీదే పెద్ద అక్షరాలతో ‘అవమానం’ అని రాశారు. ఆవిడ కూతురు దాన్ని ఎనభై మంది మధ్య కూర్చుని చూసింది.

ఆ అమ్మాయి మీ మాట అబద్ధమని అనలేదు. ‘చెప్పారా?’ అని మాత్రం అడిగింది. మీ పత్రం మొత్తం మీద వచ్చిన అసలైన ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు ‘లేదు’. ఆ ఒక్క మాట అప్పుడే అనేసి ఉంటే బహుశా ఈ ఉత్తరం ఇంత పొడుగు ఉండేది కాదు. టైమ్ అయిపోయిందన్న పెద్దమనిషి మిమ్మల్ని ఆదుకున్నాననుకున్నారు. నిజానికి మీకూ నష్టమే చేశారు. ఆ తప్పులో సదస్సు పెట్టినవాళ్ల వాటా చిన్నది కాదు. మనుషుల మీద వైద్య పరిశోధన చేసేవాళ్లు ముందు వాళ్ల సమ్మతి తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి రాతపూర్వకంగా నియమాలు పెట్టింది, 2017లో వాటిని సవరించి విస్తరించింది కూడా. మన డిగ్రీ కాలేజీల్లో పిల్లలు ఇంటిపక్కవాళ్ల బతుకుల మీద పత్రాలు రాస్తుంటే ‘వాళ్లని అడిగావా’ అని ఒక్క లెక్చరర్ అడగరు. ఇది నేను ఇరవై ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పిన మనిషిగా అంటున్నాను, నన్ను మినహాయించుకోకుండా.

నా సంగతీ చెబుతాను. కాలేజీ పత్రికలో ఒకసారి నా విద్యార్థి గురించి రాశాను. గోదావరి మధ్యలోని లంక నుంచి రోజూ పడవ దాటి, తడిసిన పంట్లాంతో క్లాసుకి వచ్చే కుర్రాడు. పట్టుదలకి మెచ్చుకుంటూనే రాశాను. పేరు రాయలేదు గానీ ఆ క్లాసులో లంక నుంచి వచ్చేది అతనొక్కడే. చాలా ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో కలిశాడు. “మీరు మంచిగానే రాశారండి. నాకు చెప్పి రాసుంటే ఇంకో రెండు మంచి సంగతులు చెప్పేవాణ్ణి” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మన వాళ్ల వెటకారం మీకు తెలియంది కాదు కదా, ఆ పూట పెళ్లి భోజనం నాకు సహించలేదు.

ఇప్పుడు ఆ ‘మీరు’ సంగతి. మీ ఉత్తరంలో ప్రొఫెసర్ గారు “అన్నారు”. సభ నడిపిన సార్ “పిలిచారు”. కాజాలు కొనడానికి వెళ్తుంటే చిల్లర ఇవ్వడం మర్చిపోయిన కండక్టర్ గారు కూడా “మర్చిపోయారు”. మిమ్మల్ని ఎత్తుకుని పెంచిన ఆవిడ మాత్రం మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా “అంది”, “వచ్చింది”, “కూర్చుంది”. ఆయ్, అండి అనకుండా మనకి మాట పూర్తవదు. వీధిలో కుర్రకుంకల్ని కూడా ‘రండి’ అంటాం. అంత మర్యాద గల భాషలో ఈ ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి క్రియ చివర మారిపోయింది. మీరు కావాలని చేయలేదు, నాకు తెలుసు. గూట్లో గ్లాసు కూడా ఎవరూ కావాలని పెట్టలేదు, ముందు నుంచీ అక్కడే ఉంది.

‘గొంతు లేని వాళ్లు’ అన్న మాట కూడా నాకు మింగుడు పడలేదు. మీ కోనసీమలోనే, మామిడికుదురులో 1911లో పుట్టిన దళిత కవి బోయి భీమన్న పేరు వినే ఉంటారు. రాజమండ్రిలో ఇంకో దళిత కవి కుసుమ ధర్మన్న అంటరానితనం మీద అంతకుముందే రాశారు. మన గోదావరి గట్టు మీద ఈ సంగతి చెప్పడానికి మనుషులు లేక ఆగిపోయిన కాలం లేదు. అంత దూరం ఎందుకు, మీ హాల్లోనే ఒక అమ్మాయి లేచి రెండే రెండు వాక్యాలు మాట్లాడింది. మైకు తిప్పేసింది మీవైపు వాళ్లే.

ఇక ‘పర్లేదమ్మా’. మీరు దాన్ని క్షమాపణకి వచ్చిన జవాబుగా తీసుకున్నారు. ఒకసారి ఆవిడ వైపు నుంచి చూడండి. ఆదివారం పూట, పేటలో అందరూ ఇళ్ల ముందు కూర్చున్న వేళ, రైతుగారి అమ్మాయి మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చి నిలబడింది. భర్త చేసే కౌలు వాళ్ల పొలంలో. నెల జీతం వాళ్లింట్లో. “పర్లేదమ్మా” తప్ప ఆవిడ ఇంకేం అనగలరు? “నాకు చాలా బాధేసిందమ్మా, వెళ్లిపో” అనగలరా? ఆవిడ మనసులో నిజంగానే కోపం లేకపోవచ్చు. ఉండొచ్చు. ఆ జవాబుని బట్టి మాత్రం చెప్పలేం. కూతురికి అంత కోపం ఎందుకని అడిగారు. వాళ్లమ్మ అనలేనిది అనగలిగే చోట ఆ అమ్మాయి ఉంది కాబట్టి. చదువు అంటే అదే కదా, మీకైనా తనకైనా.

ఇక్కడి నుంచి మీరు అడగని సంగతికి వస్తాను. మీరు బహుమతి గురించి పేజీన్నర రాశారు. కౌలు గురించి నాలుగో పేజీలో రెండు లైన్లు, అదీ ఆఖర్న, నాన్నగారి కోపానికి ఉదాహరణగా. నా దృష్టిలో మిగతావన్నీ ఆగుతాయి, అది ఆగదు. సార్వాకి కౌళ్లు ఎప్పుడు తేలిపోతాయో మీకు నాకంటే బాగా తెలుసు. కాలువలు కట్టేసి మళ్లీ నీళ్లు వదిలేలోపు మాట అయిపోతుంది.

కాటన్ స్లైడ్ వేశారు కదా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పొడి చేలు మాగాణి అయ్యాయి, మీ తాతముత్తాతల నాలుగెకరాలకి విలువ వచ్చింది. ఆ మాగాణిలో దిగి ఊడ్చినవాళ్ల పేరున ఎంత భూమి వచ్చిందో మీ స్లైడ్‌లో లేదు. ఆ ఎకరంన్నర ఆయన ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారో, ఎకరానికి ఎన్ని బస్తాలు కొలుస్తున్నారో, కాగితం ఏమైనా ఉందో లేదో మీకు తెలుసా? తెలియకపోవచ్చు. గ్లాసు ఫోటోలో పడుతుంది, నోటిమాట కౌలు పడదు. ఆ పొలం పోతే వాళ్లింట్లో ముందుగా ఆగేది ఏమిటో ఊహించండి. హాస్టల్ ఫీజు ఆగుతుంది. మీ పత్రం ఖర్చు ఆ అమ్మాయి చదువు మీద పడుతుంది.

నాన్నగారితో మాట్లాడండి. సమానత్వం, రాజ్యాంగం అంటూ మొదలుపెడితే ఆయన లేచి చెయ్యి కడుక్కుంటారు. “తప్పు నాది నాన్నా, నేను చేసినదానికి వాళ్లమీద పడితే ఊళ్లో నలుగురూ ఏమంటారు” అంటే వింటారని నా అంచనా. పరువు అనే మాట అమ్మగారు ఎలాగూ తెచ్చారు, దాన్నే వాడుకోండి. ఇది నాకు పూర్తిగా నచ్చిన వాదన కాదు. పొలం నిలబడాలంటే మాత్రం ఇదే పనికొస్తుంది.

అది కుదిరి, ఆయన మనసు కొంత మెత్తబడితే ఇంకో మెట్టు ఉంది. 2019లో మన రాష్ట్రంలో సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెడితే కౌలు రైతుకి కార్డు ఇస్తారు. పంట రుణం అడగడానికైనా, వరదకి చేను మునిగితే పరిహారం అడగడానికైనా ఆయన చేతిలో ఒక ఆధారం ఉంటుంది. సంతకం పెడితే పొలం పోతుందేమోనని మన రైతుల్లో చాలామందికి భయం, అందుకే కార్డులు లేని కౌళ్లే ఎక్కువ. యజమాని హక్కుకి భంగం లేదని ఆ చట్టమే చెబుతోంది. ఇప్పుడు ఏయే కాగితాలు అడుగుతున్నారో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి. నాన్నగారు ఒప్పుకోకపోవచ్చు. ఒత్తిడి చేస్తే మొత్తానికే పొలం తీసేసే ప్రమాదం కూడా ఉంది. అందుకని సంతకం సంగతి ఈ సీజన్‌లోనే తేలాలని పట్టుబట్టకండి. పొలం నిలబడటం మొదటిది. ఇది ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు, ఆ అమ్మాయికి కూడా.

తర్వాత ఫోటోలు. ఈ పని ఈ వారమే చేయండి, మిగతా నిర్ణయాలు ఎలా ఉన్నా సరే. సదస్సు వీడియో కాలేజీవాళ్లు ఎక్కడ పెట్టారు, ఫోటోలు ఏ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి, సావనీరు వేస్తున్నారా కనుక్కోండి. ఆవిడ ఫోటో తీసేయమని ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటితో చెబితే “చూద్దాంలేమ్మా” అంటారు. బయటికి పోయినవి అన్నీ వెనక్కి రావు. కానీ మన ప్రాంతంలో ఇలాంటి వీడియో ఒక ముక్క ఎవరి చేతిలోనైనా పడితే ఏమవుతుందో ఊహించలేం. 2022 మే నెలలో జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద గొడవై అమలాపురంలో ఇళ్లు తగలబడ్డప్పుడు మీరు హైస్కూల్లోనో ఇంటర్లోనో ఉండి ఉంటారు. ఇంటర్నెట్ ఆపేసిన ఆ రోజులు మీకు గుర్తుండాలి.

హాస్టల్లో ‘గ్లాసు’ అంటున్నవాళ్ల విషయం. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం కాలేజీల్లో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ర్యాగింగ్ నియమాలు 2009 నుంచీ ఉన్నాయి. ఫిర్యాదు చేసే హక్కు ఆ అమ్మాయిది. తన తరఫున మీరు వెళ్లి ఫిర్యాదు రాస్తే అది ఆవిడ ఫోటో తీసినట్టే అవుతుంది, ఇది రెండోసారి. మీ చెవిన పడినప్పుడు అక్కడికక్కడే “అలా పిలవకండి” అనొచ్చు. మీ స్నేహితులైతే ఇంకా గట్టిగా అనొచ్చు. తను ఫిర్యాదు చేస్తే సాక్ష్యం చెప్పడానికి నేనున్నానని ఎవరైనా నమ్మకమైన లెక్చరర్ ద్వారా తెలియజేయొచ్చు. అంతవరకే.

ఇప్పుడు మీరు అడిగినవి. బహుమతి స్టేజీ ఎక్కి తిరిగిచ్చేస్తే మళ్లీ చప్పట్లు మీకే పడతాయి. ఈసారి ఇంకా గట్టిగా పడతాయి. ‘ఎంత గొప్ప మనసు’ అంటారు, వెనక్కి తిరిగి ఆ అమ్మాయి ఎక్కడ కూర్చుందా అని చూస్తారు. మీ గుండె బరువు దిగుతుంది, తనకి ఇంకో రోజు పాడవుతుంది. నిశ్శబ్దంగా ఆఫీసులో ఇచ్చేస్తే ఎవరికీ నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు. ఉంచుకుంటే అల్మరాలో ఆ మెమెంటో కనిపించినప్పుడల్లా గుచ్చుకుంటుంది. గుచ్చుకోనివ్వండి, దానివల్ల ప్రాణాలేం పోవు. అయిదు వేలు మాత్రం వాళ్లింటికి తీసుకెళ్లి ఇవ్వకండి. ఫోటోకి డబ్బులిచ్చినట్టుంటుంది.

యూనివర్సిటీ సదస్సుకి దారులు మూడున్నాయి. వెళ్లకపోవడం ఒకటి. కారణం ఒక్క లైనులో రాసివ్వొచ్చు: ‘ఫోటోలోని వ్యక్తి అనుమతి తీసుకోలేదు కాబట్టి విరమించుకుంటున్నాను.’ కాలేజీకి అది నచ్చదు. వాళ్లకి మీరు ఇప్పుడు ఒక అచీవ్‌మెంట్. కానీ తర్వాత ఏ విద్యార్థి పత్రం వచ్చినా ఒక్క లెక్చరరైనా ‘అడిగావా’ అంటారేమో. రెండోది, వెళ్లి వేరే పత్రం చదవడం. ఆవిడ లేకుండా మీ ఇంటి గురించే. గూడు ఎవరు కట్టించారు, మీ నానమ్మ ఏం చెప్పి నేర్పారు, మీకు ఎన్నో ఏట తెలిసింది, మీ అమ్మగారు కొత్త గ్లాసు కొని పాత గూట్లోనే ఎందుకు పెట్టారు. ఇవి మీకు చెప్పుకునే హక్కున్న సంగతులు, పైగా ఎక్కడా సరిగ్గా వినని సంగతులు. కాకపోతే ఈసారి అమ్మగారిని అడగాలి. ఆవిడ వద్దంటే? అప్పుడు తెలుస్తుంది మీకు, అడగడం ఎంత ఖరీదైన పనో. పైగా ఊళ్లో తెలిస్తే ఎలాగూ పనికి వచ్చే ఆవిడ ఎవరో అందరికీ తెలుసు, ఆ కుటుంబం పేరు మళ్లీ నలుగురి నోళ్లలో నానుతుంది. కౌలు సంగతి తేలేదాకా ఈ దారి నాకు తొందరపాటనిపిస్తోంది.

మూడోది మీరు మూడో పేజీ అంచున చిన్న అక్షరాలతో రాశారు: ఆ అమ్మాయిని కూడా కలుపుకుని ఇద్దరూ కలిసి చదివితే ఎలా ఉంటుందని. చూడటానికి చాలా అందంగా ఉంటుంది, ఫోటోలకి ఇంకా బాగుంటుంది. కానీ ఇప్పుడు మీరు అడిగితే తను కాదంటే పొగరంటారు, అవునంటే మీకు సర్టిఫికెట్ ఇచ్చినట్టవుతుంది. తనంతట తను ఎప్పుడైనా ఏదైనా రాయాలనుకుంటే రాసుకుంటుంది. అప్పుడు మీ ఇంటి సంగతి కూడా రాస్తుందేమో. అప్పుడు మీరు వెనక వరసలో కూర్చోవాల్సి వస్తుంది.

క్షమాపణ తనకి చెప్పాలా అంటే చెప్పాలి, ఎందుకంటే తను అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఇంటికి వెళ్లొద్దు, కాజాలొద్దు, కన్నీళ్లొద్దు. ఎదురుపడి ఆపొద్దు. ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు చాలు. ‘మీరు అడిగినదానికి జవాబు: చెప్పలేదు. అది తప్పు. ఫోటో తీసేయమని ఫలానా రోజు రాసిచ్చాను. ఆ పత్రం ఇంకెక్కడా చదవను.’ ఇందులో ఆఖరిది నిజమైతేనే రాయండి. జవాబు ఆశించకండి. రాకపోవచ్చు, వచ్చినా మీకు నచ్చేలా ఉండకపోవచ్చు.

ఇంట్లో ఆవిడని రేపటి నుంచి హఠాత్తుగా ‘గారు’ అని పిలవడం మొదలుపెట్టకండి. మన జిల్లాల్లో అది వెటకారం కిందికి వస్తుంది, ఆవిడ హడలిపోతారు. మీ ఊళ్లో ఆ వయసు ఆవిడని వరస పెట్టి ఎలా పిలుస్తారో అలా పిలవండి. ఆవిడ ఎదురుగా లేనప్పుడు మీ అమ్మగారితో మాట్లాడుతూ “వచ్చిందా” అనే చోట “వచ్చారా” అని చూడండి. మొదట్లో మీ నోటికే ఎబ్బెట్టుగా ఉంటుంది. అమ్మగారు ఒకసారి తలెత్తి చూస్తారు.

ఆవిడ టీ మానేశారని బాధపడుతూ, ఎలా తాగించాలో చెప్పమన్నారు. తాగించొద్దు. ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లో ఆవిడ తనకి తానుగా తీసుకున్న నిర్ణయం అదొక్కటే అయ్యుండొచ్చు. “ఒక్క గుక్కమ్మా” అని వెంటపడితే మళ్లీ “పర్లేదమ్మా”లోకే నెట్టినట్టవుతుంది. రోజూ పెట్టేటప్పుడు ఆవిడ లెక్క కూడా వేసి టీ పెట్టండి. తాగితే తాగుతారు. ఆ గూట్లోని కొత్త గ్లాసు తీసి, వంటింట్లో మిగతా అయిదింటితో కలిపేయండి, ఏది ఏదో మీ అమ్మగారికి కూడా గుర్తు తెలియకుండా.